ఈస్ట్ మీద పనిచేస్తే ఎవరికేం ఒరుగుతుందని అడిగిన నాన్నకు ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది కోనసీమ. బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇది మూడో సంవత్సరం. ఈస్ట్ కణాలకు ఆహారం కరువైనప్పుడు కొన్ని జన్యువుల దగ్గర హిస్టోన్‌ల (డీఎన్‌ఏ చుట్టుకొని ఉండే ప్రోటీన్‌ల) మీది ఎసిటైల్ గుర్తులు (చిన్న రసాయన సమూహాలు) ఎలా మారతాయన్నది నా అంశం. ఎనిమిది నెలలుగా క్రోమాటిన్ ఇమ్యునోప్రెసిపిటేషన్ (ఒక గుర్తును పట్టుకొనే యాంటీబాడీతో, అది ఏ జన్యువుల దగ్గర ఉందో చూసే) ప్రయోగం చేస్తున్నాను, కానీ ఒకసారి వచ్చిన ఫలితం మరోసారి రావడం లేదు. నాన్నగారు కాలువ కింద వరి పండించే రైతు. మొన్న ఇంటికి వెళ్లినప్పుడు, “రొట్టె పొంగడానికి వేసేదాని మీద ఐదేళ్లు పనిచేస్తే ఎవరికేం ఒరుగుతుందమ్మా?” అని అడిగారు. మా నానమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. కనీసం క్యాన్సర్ మీదైనా పనిచేయవచ్చు కదా అని బంధువులు అంటున్నారు. మా సంస్థలోనే మానవ క్యాన్సర్ కణాల మీద పనిచేసే ల్యాబ్‌కు మారే వీలుంది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఉద్యోగం కూడా ఇస్తానంటోంది. నేనేం చేయాలి? నాన్నకు ఏమని చెప్పాలి?

సమాధానం:

అమ్మా, మీ నాన్నగారి ప్రశ్న విని మీరు చిన్నబుచ్చుకున్నట్టు మీ ఉత్తరంలో కనబడుతోంది. నాకు మాత్రం అది ఎత్తిపొడుపుగా తోచలేదు. పెట్టుబడి పెట్టి, నీరు కట్టి, పంట ఇంటికి వచ్చేదాకా నమ్మకం లేని సాగు చేసే మనిషి, కూతురు ఐదేళ్లు దేనిమీద వెచ్చిస్తోందో తెలుసుకోవాలనుకోవడం న్యాయం. ఆ ప్రశ్నకు జవాబు మీ దగ్గర లేకపోవడమే మిమ్మల్ని బాధిస్తోందని, ప్రయోగం కుదరకపోవడం ఆ బాధను పెంచుతోందని నాకు అనిపిస్తోంది. క్రోమాటిన్ (డీఎన్‌ఏ, హిస్టోన్‌ల కలయిక) మీద చాలాకాలం పనిచేసిన మనిషిగా ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను: బంధువుల మాట మీద మాత్రం ల్యాబ్ మారకండి. మారడానికి వేరే కారణాలు ఉండవచ్చు, వాటి సంగతి తరువాత చెబుతాను.

మీ రంగంలోనే జరిగిన ఒక చరిత్రను మీకు గుర్తు చేయాలి. హిస్టోన్‌ల మీద ఎసిటైల్ సమూహాలు ఉంటాయని, జన్యువు పనిచేయడానికీ వాటికీ సంబంధం ఉండవచ్చని న్యూయార్క్‌లోని రాకఫెల్లర్ సంస్థలో విన్సెంట్ ఆల్ఫ్రీ, ఆయన సహచరులు 1964లోనే ప్రతిపాదించారు. అయితే ఆ సమూహాన్ని హిస్టోన్‌కు తగిలించే ఎంజైమ్ ఏదో ఎవరూ పట్టుకోలేకపోయారు. ఎంజైమ్ దొరకనంతకాలం ఆ గుర్తు జన్యువు పనిచేయడానికి కారణమా, లేక జన్యువు పనిచేసినందువల్ల మిగిలిన ఆనవాలా అన్నది తేల్చే దారి లేదు. ఆ కాలమంతా చాలామంది దృష్టిలో హిస్టోన్‌లు డీఎన్‌ఏను చుట్టిపెట్టే కండెలు మాత్రమే; వాటి మీద పనిచేయడం తెలివైన పనిగా ఎవరూ ఎంచలేదు. కేంద్రకంలో ఆ పని చేసే ఎంజైమ్ జన్యువు చేతికి దొరకడానికి 1996 దాకా, అంటే ముప్పై రెండేళ్లు పట్టింది. దొరికినది మనిషి కణంలో కాదు, క్యాన్సర్ కణంలోనూ కాదు. మంచినీటి కుంటల్లో ఈదులాడే టెట్రాహైమెనా అనే ఏకకణ జీవిలో దొరికింది.

దాన్ని పట్టుకున్న డేవిడ్ ఆలిస్ 1951లో అమెరికాలోని సిన్సినాటిలో పుట్టారు. ఇండియానా విశ్వవిద్యాలయంలో పండుఈగ మీద పరిశోధించి 1978లో డాక్టరేట్ పొంది, తరువాత రోచెస్టర్‌లో మార్టిన్ గొరోవ్‌స్కీ దగ్గర చేరారు. గొరోవ్‌స్కీ ల్యాబ్‌లో అందరూ పనిచేసేది ఈ టెట్రాహైమెనా మీదే. ఈ జీవికి ఒక విచిత్రమైన ఏర్పాటు ఉంది: ఒకే కణంలో రెండు కేంద్రకాలు. చిన్న కేంద్రకం తరువాతి తరానికి అందించవలసిన వారసత్వాన్ని దాచుకొని, సాధారణంగా పెరిగే కాలమంతా మౌనంగా ఉంటుంది. పెద్ద కేంద్రకంలోని జన్యువులు రోజువారీ బతుకు నడుపుతాయి. రెండు కేంద్రకాలకూ మూలం ఒకటే, రెండూ ఒకే కణద్రవంలో ఉంటాయి, ఒకటి పలుకుతుంది, రెండవది పలకదు. జన్యువులు ఎందుకు పలుకుతాయి, ఎందుకు మౌనంగా ఉంటాయి అని అడగదలచినవారికి ఇంతకంటే చక్కని పోలిక ప్రకృతిలో మరెక్కడ దొరుకుతుంది? పెద్ద కేంద్రకంలోని హిస్టోన్‌ల మీద ఎసిటైల్ గుర్తులు ఉన్నాయని, చిన్న కేంద్రకంలో లేవని గొరోవ్‌స్కీ బృందం 1970లలోనే చూపింది. కాబట్టి వెతకవలసిన ఎంజైమ్ పెద్ద కేంద్రకంలో ఉండి తీరాలి.

అక్కడి నుంచి ఆలిస్, ఆయన విద్యార్థి జేమ్స్ బ్రౌనెల్ చేసిన పనిని మీరు ఒకసారి మూల వ్యాసాల్లో చదవాలని నా కోరిక. ప్రోటీన్‌లను వేరుచేసే జెల్‌ను పోసేటప్పుడే అందులో హిస్టోన్‌లను కలిపారు. పెద్ద కేంద్రకాల నుంచి తీసిన ప్రోటీన్‌లను ఆ జెల్‌లో నడిపి, అవి తిరిగి తమ రూపు తెచ్చుకొనేలా చేసి, రేడియోధార్మిక ఎసిటైల్ కోఎంజైమ్‌లో నానబెట్టారు. ఎంజైమ్ జెల్‌లో ఎక్కడ ఆగితే అక్కడి హిస్టోన్‌లకే ఎసిటైల్ తగులుతుంది కనుక, ఫిల్మ్ మీద అక్కడ ఒక గీత కనబడాలి. కనబడింది, సుమారు 55 కిలోడాల్టన్‌ల (ప్రోటీన్ బరువుకు కొలత) దగ్గర. హిస్టోన్‌లకు బదులు వేరే ప్రోటీన్ కలిపి పోసిన జెల్‌లో ఆ గీత రాలేదు. ఈ ఫలితాన్ని 1995లో ప్రచురించి, ఆ ప్రోటీన్‌ను శుద్ధిచేసి, దాని ముక్కల వరుసల ఆధారంగా జన్యువును పట్టుకున్నారు. అప్పటికే తెలిసిన జన్యువులతో పోల్చి చూస్తే అది ఈస్ట్‌లోని జీసీఎన్5కు దగ్గరి బంధువని తేలింది.

ఈ పేరు మీకు కొత్త కాదు. ఈస్ట్‌కు అమైనో ఆమ్లాలు (ప్రోటీన్‌ల నిర్మాణ ముక్కలు) కరువైనప్పుడు వాటిని తయారుచేసే జన్యువులు మేల్కొంటాయి. ఏ జన్యువు చెడితే ఆ మేల్కొలుపు సరిగా జరగదో వెతుకుతూ ఈస్ట్ పరిశోధకులు గుర్తించి పేరు పెట్టిన వరుసలో జీసీఎన్5 ఒకటి. అది ఇతర జన్యువులను మేల్కొలపడానికి అవసరమని వారికి తెలుసు, కానీ దాని చేతిలో ఉన్న పనిముట్టు ఏమిటో తెలియదు. కుంటలోని జీవి నుంచి వచ్చిన ఎంజైమ్‌ను, ఈస్ట్ నుంచి వచ్చిన జన్యువును పక్కపక్కన పెట్టగానే రెండు ప్రశ్నలూ ఒకేసారి తీరాయి. జన్యువును మేల్కొలిపే ప్రోటీనే హిస్టోన్‌కు ఎసిటైల్ తగిలిస్తోంది. అదే 1996లో హార్వర్డ్‌లో స్టూవర్ట్ ష్రైబర్ బృందం ఎసిటైల్‌ను ఊడదీసే ఎంజైమ్‌ను క్షీరద కణాల నుంచి పట్టుకుంటే, అదీ ఈస్ట్‌లో జన్యు నియంత్రణకు సంబంధించి ముందే తెలిసిన ఒక ప్రోటీన్‌కు బంధువని తేలింది. ఆకలిగొన్న ఈస్ట్ కణంలో ఎసిటైల్ గుర్తులు ఎలా మారతాయని అడిగే మీరు, తల్లీ, ఈ రంగం అంచున కాదు, ఆ ఆవిష్కరణ పుట్టిన చోటే కూర్చొని ఉన్నారు. ఆ సంగతి మీకు ఎవరూ చెప్పలేదేమో అన్న అనుమానంతోనే ఇంత వివరంగా రాశాను.

ఇక మానవ కణాల మాట. హిస్టోన్‌లోని ఒక్క లైసిన్ (ఎసిటైల్ తగిలే అమైనో ఆమ్లం) మీది గుర్తు నిజంగా అవసరమా అని తేల్చాలంటే, ఆ లైసిన్ స్థానంలో ఎసిటైల్ అంటని మరో అమైనో ఆమ్లం ఆర్జినిన్‌ను పెట్టి చూడాలి. ఈస్ట్‌లో హెచ్3 అనే హిస్టోన్‌కు రెండు జన్యువులు, హెచ్4 అనే హిస్టోన్‌కు రెండు జన్యువులు మాత్రమే ఉన్నాయి. వాటిని తీసివేసి మనం మార్చిన జన్యువును పెట్టడం ఒక విద్యార్థి చేయగల పని. మనిషిలో ఒక్క హెచ్4కే పదికి పైగా జన్యువులు ఉన్నాయి. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ గ్రన్‌స్టీన్ ఈస్ట్‌ను పట్టుకొని ఉండడానికి కారణం ఇదే. హిస్టోన్‌లను తగ్గిస్తే మూసివున్న జన్యువులు పలుకుతాయని, హెచ్4 తోకను (బయటికి చాచుకొని ఉండే కొసను) కత్తిరిస్తే మౌనంగా ఉండవలసిన చోట్ల మౌనం చెదురుతుందని ఆయన బృందం 1988లో చూపింది. కండెలు అనుకున్నవి నియంత్రకాలని బతికివున్న కణంలో చూపిన పని అది. ఆలిస్‌కు, గ్రన్‌స్టీన్‌కు కలిపి 2018లో, వైద్య పరిశోధనకు అమెరికాలో ఇచ్చే లాస్కర్ పురస్కారం ఇచ్చారు. ఆలిస్ 2023 జనవరిలో కన్నుమూశారు.

ఈ పని క్యాన్సర్ దాకా వెళ్లలేదా అంటే, వెళ్లింది. కానీ బంధువులకు చెప్పేటప్పుడు మీరు జాగ్రత్తగా ఉండాలి. ఎసిటైల్‌ను ఊడదీసే ఎంజైమ్‌లను అడ్డుకొనే వోరినోస్టాట్ అనే మందును చర్మంలో వచ్చే ఒక రకం లింఫోమాకు వాడడానికి 2006లో అమెరికాలో అనుమతించారు. అయితే ఆ మందు ఆలిస్ ల్యాబ్ నుంచి పుట్టింది కాదు. రక్త క్యాన్సర్ కణాలను పరిణతి చెందించే రసాయనాల కోసం వేరేవారు 1970ల నుంచి చేసిన అన్వేషణలో అది దొరికింది, అది కణంలో దేన్ని పట్టుకుంటుందో ఈ ఎంజైమ్‌లు తెలిశాక అర్థమైంది. మరొకటి ఇంకా హృదయాన్ని తాకేది. పిల్లల మెదడు కాండంలో వచ్చే, చికిత్సకు సులభంగా లొంగని ఒక కణితిలో, హిస్టోన్ హెచ్3లోని 27వ లైసిన్ మెథియోనిన్‌గా మారుతోందని 2012లో బయటపడింది. మార్పు వచ్చేది ఆ కణంలోని అనేక హెచ్3 జన్యువుల్లో ఒక్కదానికి, అదీ ఒక ప్రతిలో మాత్రమే; అయినా కణమంతటా ఆ స్థానంలోని మిథైల్ గుర్తు (ఎసిటైల్ వంటిదే మరో రసాయన గుర్తు) పడిపోతోంది. ఇది ఎలా సాధ్యమన్నది తెలుసుకోకుండా ముందుకు వెళ్లే దారి లేదు. మారిన హిస్టోన్, మిథైల్ తగిలించే ఎంజైమ్ సమూహాన్నే అణచివేస్తోందని 2013లో చూపినది ఆలిస్ ల్యాబే. హిస్టోన్‌ల గుర్తుల గురించి కుంటనీటి జీవిలో నేర్చుకొన్నవారు కనుకనే ఆ ప్రశ్న ఎదురైన వెంటనే ఎక్కడ చేయి పెట్టాలో వారికి తెలిసింది.

ఇదంతా చెప్పి, మీ పని కూడా ఒకనాడు ఇలాగే మందుగా మారుతుందని నేను మీకు మాట ఇస్తే అబద్ధమవుతుంది. చిన్న జీవుల మీద జరిగే పనుల్లో అధిక భాగం ఆ చిన్న జీవి గురించిన నిజంగానే మిగిలిపోతుంది. మీ పనిని కొలవవలసిన కొలత మరొకటి ఉంది: మీరు అడిగే ప్రశ్నకు ఈ జీవిలో తప్ప మరెక్కడా అంత శుభ్రంగా జవాబు రాదా? టెట్రాహైమెనాకు ఉన్న రెండు కేంద్రకాలు ఆ ప్రశ్నకు సరిపోయాయి. మీ ప్రశ్నకు ఈస్ట్ ఎందుకు సరిపోతుందో కాగితం మీద నాలుగు వాక్యాల్లో రాయగలిగితే ఇక్కడే ఉండండి. ఎంత ప్రయత్నించినా రాయలేకపోతే, అది నిజమైన లోటు. ఆ లోటు గురించి గైడ్‌తో మాట్లాడాలి. నానమ్మ పోయిన దుఃఖం మిమ్మల్ని రొమ్ము క్యాన్సర్ వైపు లాగుతుంటే దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ మానవ కణాల ల్యాబ్‌కు వెళ్లినంత మాత్రాన నానమ్మ జబ్బుకు దగ్గరవుతామని అనుకోకండి. అక్కడా మీరు ఏళ్ల తరబడి ప్లేట్లలో పెరిగే కణాల్లోని ఒక్క ప్రోటీన్ గురించే పనిచేస్తారు, మూడో ఏట మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు.

ప్రయోగం సంగతికి వస్తాను, ఎందుకంటే మీ నిద్ర చెడగొడుతున్నది అదేనని నా నమ్మకం. చదువుకునే రోజుల్లో ఒక యాంటీబాడీని నమ్మి నేను ఏడాదికి దగ్గరగా కాలం పోగొట్టుకున్నాను. అది నేను వెతుకుతున్న గుర్తునే కాక పక్కనున్న మరో గుర్తును కూడా పట్టుకుంటోందని ఆలస్యంగా తెలిసింది. మీకు ఆ అవస్థ రానవసరం లేదు, ఎందుకంటే మీది ఈస్ట్. జీసీఎన్5 తీసివేసిన కణాలను, మీరు చూస్తున్న లైసిన్‌ను ఆర్జినిన్‌గా మార్చిన కణాలను తెచ్చుకోండి. ఆర్జినిన్ ఉన్న కణాల్లో కూడా మీ యాంటీబాడీ సంకేతం ఇస్తే ఆ సీసాను పక్కన పెట్టేయవచ్చు. సీసా మారినప్పుడల్లా, అదే కంపెనీదైనా సరే, లాట్ సంఖ్య నోటుపుస్తకంలో రాసి ఈ పరీక్ష మళ్లీ చేయండి.

రెండవ అనుమానం మీ అంశానికే ప్రత్యేకమైనది. కణాలు ఆకలికి లోనైనప్పుడు మేల్కొనే జన్యువు మొదటి భాగంలో న్యూక్లియోసోమ్‌లే (హిస్టోన్‌ల చుట్టూ డీఎన్‌ఏ చుట్టుకొన్న ఉండలే) తొలగిపోవచ్చు. అప్పుడు ఎసిటైల్ సంకేతం తగ్గినట్టు కనబడుతుంది, కానీ తగ్గింది గుర్తు కాదు, గుర్తు మోసే హిస్టోన్. కాబట్టి ప్రతిసారీ అదే నమూనాలో మొత్తం హెచ్3ని కూడా కొలిచి, దానితో పోల్చి చెప్పాలి. వేరే జాతి ఈస్ట్ క్రోమాటిన్‌ను ప్రతి నమూనాలోనూ సమాన పరిమాణంలో కలిపితే ఒక రోజు ఫలితాన్ని మరో రోజు ఫలితంతో నిజాయితీగా పోల్చగలుగుతారు. ఇక అన్నిటికంటే మామూలుది, అందుకే అందరూ మరచిపోయేది: ఈస్ట్ కల్చర్ చిక్కబడిన కొద్దీ కణాలకు ఆకలి దానంతటదే మొదలవుతుంది. మీరు ఆకలి పెట్టకముందే ఒక ఫ్లాస్క్‌లో అది మొదలై, మరో ఫ్లాస్క్‌లో మొదలుకాకపోతే ఫలితాలు కలవమన్నా కలవవు. గత ఎనిమిది నెలల నోటుపుస్తకం తెరిచి, ప్రతి ప్రయోగంలో కణాలను తీసే వేళకు కల్చర్ సాంద్రత ఎంత ఉందో, ఫార్మాల్డిహైడ్‌లో ఎన్ని నిమిషాలు ఉంచారో ఒక పట్టికగా రాయండి. ఫలితాలు రెండు గుంపులుగా విడిపోవడం ఆ పట్టికలోనే కనబడినా నేను ఆశ్చర్యపోను.

మీ నాన్నగారికి చెప్పవలసిన మాట మీ ఊళ్లోనే ఉంది. వరి గింజలో ఉన్న జన్యువులే వేరులోనూ, ఆకులోనూ, వెన్నులోనూ ఉంటాయని, అయినా వేరు వేరుగానే, వెన్ను వెన్నుగానే పెరుగుతాయని ముందు చెప్పండి. ఆ తరువాత కాలువ గురించి మాట్లాడండి. కాలువలో నీరు నిండుగా పారుతున్నా ఏ తూము ఎత్తితే ఆ పొలానికే పారుతుంది. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసుకొనేవాడు లస్కరు. కణంలో జన్యువులు పొలాల వంటివి, ఎసిటైల్ తగిలించే ఎంజైమ్ తూము ఎత్తే చెయ్యి, ఊడదీసేది దించే చెయ్యి. కరువు కాలంలో లస్కరు ఏ తూములు ముందు ఎత్తుతాడన్నదే నా పని అని చెప్పండి. ఈ పోలిక అంతటా పొసగదు, ఎసిటైల్ గుర్తును చదివే ప్రోటీన్‌లు వేరే ఉన్నాయి, తూముకు చదువు రాదు. కానీ మొదటిసారి వినేవారికి ఇది తప్పుదారి పట్టించని పోలిక.

రొట్టె పొంగించే ఈస్ట్‌కూ మనకూ ఏం సంబంధమని ఆయన మళ్లీ అడిగితే, హెచ్4 హిస్టోన్ ఈస్ట్‌లోనూ మనలోనూ ఉందని చెప్పి, 1969లో జరిగిన ఒక పోలిక చెప్పండి. ఆవుదూడ నుంచి ఒకటి, బఠాణీ మొలక నుంచి ఒకటి హెచ్4 హిస్టోన్‌ను తీసి అక్షరం అక్షరం పోల్చి చూశారు. ఉన్న 102 అమైనో ఆమ్లాల్లో తేడా వచ్చింది రెండింటిలోనే. మొక్కా జంతువూ విడిపోయి వంద కోట్ల సంవత్సరాలు దాటినా ఈ ఒక్క ప్రోటీన్‌ను ప్రకృతి దాదాపు ముట్టుకోలేదు. దూడనూ పైరునూ రెండింటినీ సాకే మనిషికి ఈ మాట మనకంటే బాగా అర్థమవుతుంది.

క్యాన్సర్‌కు మందు కనిపెడుతున్నానని మాత్రం చెప్పకండి. మీ రంగానికి వాడే ఎపిజెనెటిక్స్ అనే మాట ఇప్పుడు సంతలో సరుకైంది. 1942లో ఆ మాటను వాడుకలోకి తెచ్చిన కాన్రాడ్ వాడింగ్టన్ ఉద్దేశం, ఒకే జన్యుసంపద నుంచి పిండం ఎలా రూపుదిద్దుకుంటుందో అధ్యయనం చేయడం. ఇప్పుడు ఆ పేరుతో ఆహారపు పొడులు అమ్ముతున్నారు, ఆలోచనతో జన్యువులు మార్చుకోవచ్చని ఉపన్యాసాలు ఇస్తున్నారు. పరిశోధించేవారే మాట జారితే వారిని ఆపేవారెవరు?

ఉద్యోగం గురించి చివరగా చెబుతున్నాను, తక్కువ ముఖ్యమని కాదు. ఇంట్లో అప్పు ఉండి, మీ జీతం లేనిదే గడవని స్థితి ఉంటే ఉద్యోగంలో చేరండి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, మూడేళ్లలో నేర్చుకొన్నది వృథా కాదు. మీ ఉత్తరంలో అటువంటి ఇబ్బంది ఏదీ రాయలేదు కనుక లేదనుకొని మాట్లాడుతున్నాను. ఆ కంపెనీని రెండు నెలల గడువు అడగండి. ఈ లోపల పైన చెప్పిన యాంటీబాడీ పరీక్ష, మొత్తం హెచ్3 కొలత, కల్చర్ సాంద్రత పట్టిక, ఈ మూడూ పూర్తిచేయండి. ఫలితం ఏదైనా సరే, మంచి గీతలు ఉన్న చిత్రాలను మాత్రమే ఏరకుండా ఎనిమిది నెలల పనినంతా మీ గైడ్ ముందు, ఆపైన మీ డాక్టోరల్ కమిటీ ముందు పెట్టండి. కమిటీ సమావేశం వార్షికంగానే జరగాలని నియమం లేదు. అవసరమైతే విద్యార్థి అడిగి ఏర్పాటు చేయించుకోవచ్చు. గుర్తును కాకుండా ఎంజైమ్ ఎక్కడ కూర్చుందో చూడమని, లేదా ఆర్‌ఎన్‌ఏను ముందు కొలవమని వారిలో ఎవరో ఒకరు అనవచ్చు, అది దారి మార్చే సలహా కావచ్చు. కంపెనీకి మీ జవాబు ఆ సమావేశం అయ్యాకే రాయండి. ఈలోగా ఆర్జినిన్ మార్పు ఉన్న ఈస్ట్ కణాల కోసం ఈ వారమే ఎవరికైనా ఉత్తరం రాయండి; ఈస్ట్ ల్యాబ్‌లు ఒకరికొకరు వీటిని సాధారణంగా ఉచితంగానే పంపుకుంటాయి, చేరడానికి మాత్రం కొంత సమయం పడుతుంది.